పోల్చుకోవడం మాని దేవుని సమయం కోసం కనిపెట్టడం: రోజువారీగా ఎలా?

ఉదయతార:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

"దేవుని సమయం వస్తుంది, కనిపెట్టు (ఓపికతో ఎదురుచూడు)" అని మనమంతా అంటాం. అది నిజమనే నమ్ముతాను. నా ప్రశ్న ఆ తర్వాత సంగతి. తోటివాళ్లకు ఉద్యోగం, పెళ్లి, బిడ్డ, ఇల్లు వరసగా వస్తుంటే, వాటి కోసమే ఏళ్ల తరబడి ప్రార్థిస్తున్న మనిషి పొద్దున్నే లేచి ఏం చేయాలి? ఫోన్ తెరిస్తే మొదట కనిపించేది ఎవరిదో శుభవార్త. ఆ తర్వాత ప్రార్థనకు కూర్చుంటే నోట్లోంచి మాట రాదు, వస్తే లెక్కలే: "వాళ్లకంటే ముందు అడిగింది నేను కదా ప్రభువా."

ఓర్పు కలిగి ఉండండి అనే మాట కాకుండా, ఓర్పును ఎలా సాధన చేయాలో తెలిసినవారు చెప్పండి. ఎక్కడ తప్పటడుగు పడుతుందో కూడా.

ఒలీవచెట్టు:
ఉదయతార గారూ, వందనాలు.

అసూయ అసలు రాకూడదు అనే లక్ష్యం పెట్టుకుంటే మొదటి రోజే ఓడిపోతాం. వచ్చిన అసూయను ఎక్కడికి మోసుకెళ్తామన్నది మాత్రమే మన చేతిలో ఉంది. 73వ కీర్తన ఆసాపుది. ఆరాధనలో పాటలు నడిపించిన మనిషి, భక్తిహీనుల క్షేమం చూసి మత్సరపడ్డానని 3వ వచనంలోనే ఒప్పుకున్నాడు. 28 వచనాల ఆ కీర్తనలో మలుపు వచ్చేది 17వ వచనంలో, దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాక. అప్పటిదాకా ఉన్నదంతా ఫిర్యాదే. అయితే 15వ వచనం జాగ్రత్తగా చూడండి. ఆ ఫిర్యాదును అప్పుడే జనం ముందు పరిచి ఉంటే దేవుని పిల్లలకు ద్రోహం చేసినవాణ్ణయ్యేవాణ్ణి అంటాడు. దాన్ని దేవుని దగ్గరికే తీసుకెళ్లాడు.

రాజైన సౌలు చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. స్త్రీలు పాడిన పాటలో తన లెక్క వేలు, దావీదు లెక్క పదివేలు. అతనికేం తక్కువ? రాజ్యమంతా చేతిలోనే ఉంది. అయినా ఆనాటి నుంచి దావీదు మీద విషపు చూపు నిలిపాడు (1 సమూయేలు 18:7-9). పోలిక ముందు పాడుచేసేది చూపునే. ఉన్నది కనబడదు, పక్కవాడిది ఒకటికి పది కనబడుతుంది.

ఇక సాధన. మొదటి వారం ఏదీ మార్చవద్దు, రాసుకోండి చాలు. మనసు చివుక్కుమన్న ప్రతిసారీ ఒక్క వరస: ఎన్ని గంటలకు, ఏం చూసి, అందులో నాకు ఏం కావాలనిపించింది. ఏడు రోజులయ్యాక చదివితే, "అందరినీ చూసి" అనుకున్నది చాలాసార్లు ఒకరిద్దరి దగ్గరికి, ఒకటి రెండు కోరికల దగ్గరికి వచ్చి ఆగుతుంది. గాయం ఎక్కడుందో తెలిస్తేనే కదా మందు పూయగలం.

ఆ ఒకరిద్దరి స్టేటస్‌లను నెల రోజులు మ్యూట్ చేయండి. బ్లాక్ చేయకండి. బ్లాక్ చేస్తే బంధం తెగుతుంది, ఆపైన నేరభావం మొదలవుతుంది. మ్యూట్ చేసినవాళ్లకు నెలలో ఒకసారైనా మీరే ఫోన్ చేయండి. శుభవార్త తెలిసినప్పుడు ఆ రోజే అభినందించండి, ఐదు నిమిషాలు చాలు, మీ సంగతి ఎత్తకండి. సంతోషించేవారితో సంతోషించమని రోమా 12:15 చెప్పింది చేతలో ఇలాగే మొదలవుతుంది. మనసు వెనక నడిచి వస్తుంది, దాని కోసం ఆగి కూర్చుంటే ఆ ఫోన్ ఎప్పటికీ చేయలేం.

ప్రార్థన ఎండిపోయినవారికి 13వ కీర్తన మంచి అచ్చు. ఆరే వచనాలు. మొదటి రెండింటి నిండా "ఎంతకాలం" అన్న ప్రశ్నే, తర్వాతి రెండు విన్నపం, చివరి రెండు నమ్మకం, పాట. పావుగంట తీసుకుని ఐదేసి నిమిషాలుగా అదే వరసలో ప్రార్థించండి. ఇక్కడ జరిగే పొరపాటు, మొదటి భాగం అవిశ్వాసంలా ఉందని దాటేసి నేరుగా స్తుతికి వెళ్లిపోవడం. దాటేసిన ఫిర్యాదు ఎక్కడికీ పోదు, పగలంతా లెక్కలుగా బయటికొస్తుంది.

చివర్లో, మిమ్మల్ని ఎక్కువగా కదిలించిన ఆ మనిషి కోసం పేరు పెట్టి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో "నాకు" అనే మాట రాకూడదు. వస్తే ఆపి మళ్లీ మొదలుపెట్టండి. వారికి ఆరోగ్యం, వారి ఇంట్లో సమాధానం, ఆ కొత్త బాధ్యత మోసే బలం అడగండి. మొదట్లో చప్పగా ఉంటుంది. ఉండనివ్వండి.

తొలకరి:
ఒలీవచెట్టు గారు చెప్పినదానికి ఒక్క విషయం కలుపుతాను, చాలామంది దెబ్బ తినేది ఇక్కడే.

యిర్మీయా 29:11 మనందరికీ కంఠతా వచ్చు. మీ గురించి నేను ఉద్దేశించినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని దేవుడు చెప్పే మాట. దాని పై వచనం ఎందరికి గుర్తుంది? 29:10లో గడువు ఉంది: బబులోనులో 70 సంవత్సరాలు. ఇది బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం. అది అందుకున్న పెద్దల్లో చాలామంది తిరుగు ప్రయాణాన్ని కళ్లారా చూడలేరు. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే అంతా సరిపోతుందని చెప్పాడు (28:3). వినడానికి ఎంత బాగుందో! అది అబద్ధమని తేలింది. "ఈ సంవత్సరం తప్పకుండా నీకు జరుగుతుంది" అని ఎవరైనా మీ పేరు పెట్టి చెబితే హనన్యాను గుర్తు చేసుకోండి. ఆ గడువు దాటాక విరిగేది చెప్పినవాడి మాట ఒక్కటే కాదు, విన్నవాడి విశ్వాసం కూడా.

70 ఏళ్లు ఆగమన్న అదే ఉత్తరంలో ఏం చేయమన్నాడో చూడండి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోరి ప్రార్థించండి (29:5-7). మూట కట్టుకుని గుమ్మంలో కూర్చోమనలేదు. కనిపెట్టడం అంటే జీవితాన్ని ఆపి ఉంచడమని మనం అనుకుంటాం. "పెళ్లయ్యాక సేవ చేస్తాను, ఉద్యోగం వచ్చాక చదువుతాను, బిడ్డ పుట్టాక సంతోషిస్తాను." ఇలా వాయిదా వేసినవి ఒక కాగితం మీద రాయండి. వాటిలో అడిగినది రాకపోయినా ఈ నెలలోనే మొదలుపెట్టగలిగినది ఏదో ఒకటి ఉంటుంది. అదే మీ తోట.

ఇంకొకటి, చెప్పడానికి కష్టమైనా దాచకూడదు. వాగ్దానం వేరు, కోరిక వేరు. అబ్రాహాముకు కుమారుణ్ణి ఇస్తానని దేవుడే చెప్పాడు. 75 ఏళ్ల వయసులో బయలుదేరాడు, 100 ఏళ్లప్పుడు ఇస్సాకు పుట్టాడు. ఆ 25 ఏళ్లను తీసుకుని "నాకూ అలాగే తప్పక ఇస్తాడు" అనుకోవడం విశ్వాసం కాదు, ఇంకొకరి వాగ్దానంతో పోల్చుకోవడమే. పక్కింటివారితో పోలిక మాని అబ్రాహాముతో మొదలుపెట్టినట్టు. దేవుడు విడిచిపెట్టడు, తోడుంటాడు, మేలుకే నడిపిస్తాడు అన్నది మనందరికీ ఉంది. ఫలానాది ఫలానా వయసుకి అన్నది ఎవరికీ లేదు. హెబ్రీ 11లో వాగ్దాన ఫలం అనుభవించకుండానే విశ్వాసంతో కన్నుమూసినవారు కూడా ఉన్నారు (13, 39 వచనాలు). వాళ్లను ఓడిపోయినవారి వరసలో పెట్టలేదు.

ఉదయతార:
ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. హనన్యా సంగతి ఇప్పటిదాకా గమనించలేదు.

ఒక అనుమానం. కనిపెట్టడానికీ, ఏమీ చేయకుండా కూర్చోవడానికీ తేడా ఎలా తెలుస్తుంది? మరోవైపు, ఎక్కువ ప్రయత్నిస్తే "దేవుని కంటే ముందు పరుగెడుతున్నావు" అంటారు.

సితారా:
ఈ తేడాకు దావీదు కంటే మంచి పాఠం లేదు. తనను తరుముతున్న సౌలు గుహలో దావీదు చేతికి చిక్కాడు (1 సమూయేలు 24), పాళెంలో నిద్రపోతూ మళ్లీ చిక్కాడు (26). రెండుసార్లూ దావీదు చెయ్యి ఎత్తలేదు. చేయనిది అదొక్కటే. మిగతావన్నీ చేశాడు: ప్రాణం కాపాడుకోవడానికి పారిపోయాడు, తన దగ్గరికి చేరిన 400 మందిని నడిపించాడు, వాళ్లు 600 అయ్యారు, మధ్యలో కెయీలా పట్టణాన్ని ఫిలిష్తీయుల నుంచి రక్షించాడు (23:5). 30 ఏళ్లకు రాజయ్యాక కూడా ఏడున్నర ఏళ్లు యూదా వారి మీద మాత్రమే. అభిషేకానికీ పూర్తి రాజ్యానికీ మధ్య ఖాళీగా గడిపిన కాలం ఎక్కడా కనబడదు.

అటు సౌలు ప్రవక్త సమూయేలు కోసం ఏడు రోజులు ఆగాడు. సమూయేలు రాలేదు, జనం చెదిరిపోతున్నారు, భయపడి తనది కాని దహనబలి తానే అర్పించాడు. అది ముగించీ ముగించగానే సమూయేలు వచ్చాడు (13:8-10). అతను ఆగిన రోజులు తక్కువేమీ కాదు. భయం లెక్క కట్టడం మొదలుపెట్టిన చివరి ఘడియలో జారిపోయాడు. అందుకే అలసటలో, అర్ధరాత్రి, లేదా ఎవరి శుభవార్తో విన్న రోజున పెద్ద నిర్ణయం తీసుకోవద్దు. కనీసం మూడు రోజులు పక్కన పెట్టి, మీతో "వద్దు" అని చెప్పగలిగే ఒక్కరికైనా చెప్పి, అప్పుడు అడుగు వేయండి.

ముందుకు పరుగెడుతున్నామా అని తెలుసుకోవడానికి నేను చూసేవి మూడు. ఇది దాచి చేయాల్సి వస్తోందా? దేవుడు స్పష్టంగా వద్దన్నది దాటాల్సి వస్తోందా? దీని ఖరీదు ఇంకెవరైనా కట్టాల్సి వస్తోందా? హాగరు విషయంలో తగిలింది మూడోదే. కనానులో పదేళ్లు గడిచినా బిడ్డ లేక, అబ్రాహాము భార్య శారా తన దాసి హాగరును అతనికి భార్యగా ఇచ్చింది (ఆదికాండము 16:3). ఆ ఉపాయానికి ఎడారిలో కన్నీళ్లు పెట్టింది హాగరు. ఈ మూడింటిలో ఏదీ లేకపోతే మీ ప్రయత్నం అవిశ్వాసం కాదు, నిశ్చింతగా చేయండి.

బద్ధకానికి పరీక్ష ఇంకా తేలిక. యాకోబు 5:7లో ఓపికకు ఉదాహరణ రైతు. తొలకరి వాన, కడవరి వాన కోసం ఎదురు చూస్తాడు. తొలకరి పడేది విత్తే కాలంలో, కడవరి వాన గింజ నిండే కాలంలో. వాన అతని చేతిలో లేదు. దున్నడం, విత్తడం, కలుపు తీయడం అతనివే. విత్తనివాడు వాన కోసం ఆకాశం చూస్తుంటే దాన్ని ఓపిక అనరు. కాగితాన్ని నిలువుగా రెండు చేసి ఒక వైపు "వాన", రెండో వైపు "దుక్కి" అని రాయండి. ఉద్యోగం అయితే పిలుపు రావడం వాన. వారానికి ఐదు దరఖాస్తులు, రోజుకు గంటన్నర ఒక నైపుణ్యం మీద సాధన, ఇద్దరు అనుభవజ్ఞులతో దరఖాస్తు దిద్దించుకోవడం దుక్కి. పెళ్లి అయితే నమ్మకమైన ఇద్దరు ముగ్గురు పెద్దలకు విషయం నోరు విప్పి చెప్పడం దుక్కి, మనసులు కలవడం వాన. గడువులు దుక్కి వైపు మాత్రమే పెట్టండి. మూడు నెలలకోసారి ఆ వైపు ఒక్కటే దిద్దుకోండి. రోజూ రెండు వైపులా చూసుకుంటే మళ్లీ లెక్కలే.

పిల్లల విషయంలో గట్టిగా చెబుతాను. ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం నిలవకపోతే, భార్య వయసు 35 లేదా ఆపైన ఉంటే ఆరు నెలలకే, భార్యాభర్తలు ఇద్దరూ డాక్టరును కలవాలి. ఇద్దరూ, ఆమె ఒక్కతే కాదు. "దేవుని సమయం" అంటూ ఆ పరీక్షలు ఏళ్లకు ఏళ్లు వాయిదా వేస్తే వయసు ఆగదు. ప్రార్థన, చికిత్స ఒకదానికొకటి అడ్డు కావు. అలాగే రెండు వారాలకు మించి రోజంతా దిగులు, నిద్ర, ఆకలి తప్పడం ఉంటే అది ఓర్పు తక్కువై కాదు, దానికీ డాక్టరు ఉన్నారు. బదరీచెట్టు కింద ప్రాణం తీసుకొమ్మన్న ఏలీయాకు దేవుడు మొదట ఇచ్చింది ఉపదేశం కాదు, నిద్ర, రొట్టె, నీళ్లు. అవీ రెండుసార్లు (1 రాజులు 19:4-8).

తొలకరి:
దుక్కి, వాన కాగితం చాలా బాగుంది. ఒక్క జాగ్రత్త: ఉపవాసం, మొక్కుబడి, ఎక్కువసేపు ప్రార్థన "దుక్కి" వైపు రాయకండి. రాస్తే అవి వాన తెప్పించే పనిముట్లయిపోతాయి. 21 రోజులు ఉపవాసం ఉన్నా రాలేదేమిటి అన్న ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది. ఉపవాసం ఉండండి, దాని మీద తేదీ మాత్రం రాయకండి.

మల్లెపందిరి:
కనిపెడుతున్నవారి పక్కన ఉండేవాళ్ల కోసం నాలుగు మాటలు, ఎందుకంటే పోలికల్లో సగం మనమే నేర్పుతాం.

బిడ్డలు లేని హన్నాను చూడండి. సవతి పెనిన్నా ఏటేటా సూటిపోటి మాటలంది. ప్రేమగల భర్త ఎల్కానా కూడా "పదిమంది కుమాళ్లకంటే నేను నీకు మేలు కానా" అన్నాడు. మంచి మనసుతో అన్నదే, అయినా అదీ పోలికే. ఆమె ప్రార్థిస్తుంటే పెదవులు కదలడం చూసి యాజకుడు ఏలీ తాగి ఉందనుకున్నాడు. ముగ్గురిలో చివరికి మాట మార్చుకున్నది ఏలీ ఒక్కడే: ఆమె చెప్పింది విన్నాడు, సమాధానంగా వెళ్లమని దీవించాడు. అప్పుడామె వెళ్లి భోజనం చేసింది, ఆ తర్వాత ఆమె ముఖంలో దుఃఖం లేదు (1 సమూయేలు 1:18). ఆమె కొడుకు సమూయేలు ఇంకా కడుపున పడనే లేదు.

కాబట్టి "ఫలానావాళ్లకు పదేళ్లకు పుట్టారు, నీకూ పుడతారు" అనే సాక్ష్యాలు అడగకుండా చెప్పకండి. "ఇంకా ఏం కాలేదా" అని అసలే అడగకండి. "ఈ వారం నీ కోసం ఏం ప్రార్థించమంటావు?" అని అడిగి, చెప్పింది రాసుకుని, వారం తర్వాత అదే విషయం మళ్లీ అడగండి. ఎవరి ఇంట్లోనైనా వేడుక ఉన్న రోజు సాయంత్రం ఆమెకో అతనికో ఒక్క ఫోన్ చేయండి. ఆ రోజు వాళ్లకు ఎలా గడిచిందో మనం అడక్కపోతే వాళ్లు చెప్పరు.