గుత్తి ఏనుగు కాసు 340కి పోయింది: వేలంలో మొదటి ధర రూపాయి పెట్టాలా, వద్దా?

బురుజు వీధి, కర్నూలు:
అందరికీ నమస్కారం. మా తాత ఒక రేకు పెట్టెలో నాణేలు వదిలిపోయాడు. వెండి రూపాయలు పద్నాలుగు, రాగివి ఒక గుప్పెడు. చెల్లెలి కాలేజీ ఫీజు కోసం కొన్ని అమ్ముదామని, పోయిన ఆదివారం నాణేలు సేకరించేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వేలం పెట్టాను. అక్కడ ఏదైనా రూపాయితోనే మొదలుపెట్టడం అలవాటు. పొద్దున ఫొటో పెడితే రాత్రి 9 గంటలకు పాట ముగుస్తుంది.

విక్టోరియా వెండి రూపాయి బాగానే పోయింది. ఇరవైకి పైగా పాటలు పడ్డాయి, వెండి ధర దాటింది. తర్వాత "పాత రాగి నాణెం, ఏనుగు బొమ్మ" అని ఇంకొకటి పెట్టాను. ఇద్దరే పాడారు. 340 దగ్గర ఆగిపోయింది. మరుసటి రోజు గ్రూపులో ఒకాయన ఫోన్ చేసి, "అది టిప్పు సుల్తాన్ కాలపు గుత్తి టంకశాల కాసు. నేను ప్రయాణంలో ఉండి చూడలేదు. చూసి ఉంటే 1,500 దాకా పాడేవాణ్ణి" అన్నాడు. మాట ఇచ్చాను కాబట్టి పాట గెలిచినాయనకే కొరియర్ చేశాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తాత ఎన్నేళ్ళు దాచాడో ఆ కాసును.

నా ప్రశ్న ఒకటే. రూపాయితో మొదలుపెట్టడం తప్పా? అసలు ధరకు దగ్గరగా పెట్టాలా?

చీనీతోట, అనంతపురం:
తప్పే తమ్ముడూ. చెరువు చేపలకైనా, సంతకైనా, పంచాయతీ పెట్టే ఏ పాటకైనా ముందు సర్కారు పాట అని ఒక ధర చెప్తారు. దాని కింద ఎవడూ పాడకూడదు. ఊరి ఆస్తికి ఉన్న ఆ కాపలా మీ తాత ఆస్తికి ఎందుకు లేదు?

మా నాయన నలభై ఏళ్ళు అనంతపురం మార్కెట్ యార్డులో చీనీ (బత్తాయి) కాయలు అమ్మాడు. ఎండాకాలంలో వ్యాపారులంతా కూడబలుక్కుని తక్కువ పాడితే ఏమీ చేయలేకపోయేవాడు. కాయ కుళ్ళిపోతుంది, వెనక్కి తీసుకుపోతే లారీ బాడుగ దండగ. అందుకే ఎంతొస్తే అంతకు ఇచ్చి వచ్చేవాడు. మీ కాసు కుళ్ళదు. ఈ ఆదివారం పోకపోతే ఇంకో ఆదివారం పోతుంది. కుళ్ళని సరుకును కుళ్ళే సరుకు లాగా ఎందుకు అమ్మాలి?

వెండి గజ్జె, ప్రొద్దుటూరు:
అన్నా, మీ నాయన బాధ నాకు అర్థమైంది, కానీ నేను ఒప్పుకోను. మాది బంగారం అంగడి, పాత నాణేలు మా చేతుల మీదుగా చాలా పోతాయి. ఎక్కువ ధరతో మొదలుపెట్టిన నాణెం మీద ఒక్క పాట కూడా పడకపోతే గ్రూపంతా చూస్తుంది. మళ్ళీ వారం పెడితే "ఇది పోయిన వారం మిగిలిందే కదా, ఏదో లోపం ఉంది" అనుకుంటారు. నాణెం కుళ్ళకపోవచ్చు గానీ దాని పేరు పాడవుతుంది.

రూపాయితో మొదలుపెడితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. పది రూపాయలకు పాడినవాడికి మధ్యాహ్నానికి అది తన నాణెమే అనిపిస్తుంది. ఇంకొకడు దాటితే ఊరుకోలేడు. వెండి రూపాయికి భయమే అక్కర్లేదు. విక్టోరియా, ఎడ్వర్డ్, అయిదో జార్జి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములు. గ్రాము వంద అని లెక్క వేసుకున్నా 1,069. అంతకంటే తక్కువకు వదిలేసే సేకర్త ఎవడూ ఉండడు, కరిగించేవాడైనా కొంటాడు. వెండే దానికి సర్కారు పాట.

ఒక్క జాగ్రత్త తమ్ముడూ, మీ పద్నాలుగూ ఒకటే అనుకోవద్దు. 1940 నుంచి వచ్చిన ఆరో జార్జి వెండి రూపాయిల్లో వెండి సగమే, 5.83 గ్రాములు. 1947 రూపాయి నికెలు, అందులో వెండే లేదు. కాసుల పేరులో గుచ్చడానికి కొక్కెం అతికించి తీసేసిన గుర్తు ఉంటే సేకర్తలు ధర బాగా తగ్గిస్తారు. అది ఫొటోలో దాచకుండా చూపించండి.

బురుజు వీధి, కర్నూలు:
అక్కా, వెండి సంగతి ఒప్పుకుంటాను. మరి రాగి కాసుకు? దాని రాగి ఎంత చేస్తుంది?

జొన్నగిరి వాన, తుగ్గలి మండలం:
మా చేలల్లో జరిగేదే చెప్తాను. తొలకరి వానలకు జొన్నగిరి, పెరవలి చుట్టుపక్కల వజ్రాల కోసం జనం ఎంత తిరుగుతారో మీకు తెలుసు. దొరికినవాడు ఒక్క వ్యాపారి దగ్గరికే పోతే అతను చెప్పిందే ధర. నలుగురు వ్యాపారులకు కబురు తెలిసి ఇంటికి వస్తే అదే రాయి ధర లేస్తుంది. దొరికినవాడు ఎంతతో మొదలుపెట్టాడన్నది ఎవరికీ గుర్తుండదు, ఎందరు వచ్చారన్నదే లెక్క. నీ కాసుకు ఇద్దరే వచ్చారు. సంగతంతా అక్కడే ఉంది.

పాత అణా, కడప:
నేను రిటైర్డు టీచర్ని, ముప్ఫై ఏళ్ళుగా సేకరిస్తున్నాను. తుగ్గలి అబ్బాయి అసలు చోట వేలు పెట్టాడు.

2003లో ప్యాట్రిక్ బజారి, అలీ హోర్టాచ్సు అనే ఆర్థికవేత్తలు ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైట్‌లో అమ్మిన అమెరికా నాణేల సెట్ల వేలాలనే పరిశీలించారు. కనీస ధర ఎక్కువగా పెట్టినచోట పాటకు వచ్చేవాళ్ళు తగ్గారు. ఇది ప్రొద్దుటూరు అమ్మ మాటకు బలం. 2006లో జిలియన్ కు, ఆడమ్ గలిన్‌స్కీ, కీత్ మర్నిగన్ ఇంకో పరిశోధన చేశారు. తక్కువ ధరతో మొదలైన వేలాలు చివరికి ఎక్కువకు ముగియవచ్చని చూపించారు. కారణాలు కూడా ఆమె చెప్పినవే: లోపలికి రావడం తేలిక, ఒకసారి పాడినవాడు వదలడు, గుంపును చూసి ఇంకొందరు వస్తారు.

అయితే అదే పరిశోధనలో ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. వస్తువు పేరు తప్పుగా రాసినచోట, అంటే వెతికేవాళ్ళకు అది దొరకనిచోట, తక్కువ ధరతో మొదలుపెడితే చివరి ధర కూడా తక్కువే అయింది. గుంపు రాని చోట రూపాయి ధర పనిచేయదు.

నాయనా, మీరు పేరు తప్పు రాయలేదు, అసలు రాయనే లేదు. "పాత రాగి నాణెం" అని రాశారు. టిప్పు గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టాడు, ఏనుగు వెనక వైపు పారసీ లిపిలో ఆ పేరే ఉంటుంది. గుత్తి కాసు కోసం చూసేవాళ్ళు దేశమంతా కలిపి కొందరే. వాళ్ళు "గుత్తి" అనీ, "ఫైజ్ హిసార్" అనీ వెతుకుతారు. ఏనుగు అని కాదు.

చీనీతోట, అనంతపురం:
సార్, అంటే నా మాటే నిజం కదా? కొనేవాళ్ళు కొందరే అయినప్పుడు అడుగు ధర ఉండాల్సిందే. పేరు సరిగ్గా రాసినా ఆ కొందరిలో ఒకాయన రైలులో ఉంటే మళ్ళీ 340 కథే.

పాత అణా, కడప:
నిజమే. అరుదైన దానికి మీ మాట, అందరి దగ్గరా ఉండేదానికి ఆమె మాట. నేనైతే ఇంతకు తక్కువకు పోతే ఏడుస్తాను అనే ధర ఏదో చూసుకుని అక్కడ మొదలుపెడతాను. ఆశ పడే ధర దగ్గర మాత్రం పెట్టను. ఈ రెంటికీ మధ్య చాలా దూరం ఉంటుంది, పాట జరగాల్సింది ఆ దూరంలోనే.

కొత్త సభ్యుడు, నంద్యాల రోడ్డు, కర్నూలు:
నా దగ్గర వైష్ణోదేవి అయిదు రూపాయల నాణెం, ట్రాక్టరు బొమ్మ అయిదు రూపాయల నోటు ఉన్నాయి. యూట్యూబ్‌లో 5 లక్షలు అంటున్నారు. 4 లక్షలతో మొదలుపెట్టనా?

వెండి గజ్జె, ప్రొద్దుటూరు:
వద్దు తమ్ముడూ. అవి మామూలుగా దొరికేవే. పాత నోట్లు, నాణేలు కొంటామని రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని మోసం చేస్తున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఎవరైనా ముందు ఫీజు కట్టమంటే ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

జొన్నగిరి వాన, తుగ్గలి మండలం:
మన గ్రూపుల్లో మనుషులు తక్కువైతే, గుత్తి కాసును విదేశీ సైట్‌లో పెట్టకూడదా? అక్కడ కొనేవాళ్ళు ఎక్కువ కదా.

పాత అణా, కడప:
కూడదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. మనలాంటివాళ్ళు దాన్ని దేశం దాటించడం నేరం. దేశంలోనైనా దాన్నే వ్యాపారంగా చేయాలంటే లైసెన్సు ఉండాలి. ఇంకో మాట, మన సీమలో ఇది తప్పకుండా చెప్పాలి. తాత పెట్టెలోవి వేరు, పొలం దున్నితేనో పునాది తవ్వితేనో దొరికినవి వేరు. వాటిని 1878 నిధుల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి. అలాంటివి ఏ ధరకూ వేలం పెట్టొద్దు.

చీనీతోట, అనంతపురం:
ఇంకొకటి బాధగా చెప్తున్నాను. రూపాయితో మొదలుపెట్టినవాళ్ళలో కొందరు సాయంత్రానికి భయపడి బామ్మర్ది చేతనో, ఇంకో నంబరుతోనో పాడిస్తారు. నేను అలా ఒక ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం, 2023 ఆగస్టు 28న విడుదలైంది కదా, అది ఎక్కువ పెట్టి కొన్నాను. ఎదురుగా పాడినవాడు అమ్మినాయన తమ్ముడే అని తర్వాత తెలిసింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ గ్రూపు మీద నమ్మకం పోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. ఆ భయం ఉన్నవాళ్ళు ముందే నిజాయతీగా 3,000 అని రాసి మొదలుపెడితే ఎవరం కాదంటాం?

వెండి గజ్జె, ప్రొద్దుటూరు:
అన్నా, ఇక్కడ మీతో నూటికి నూరు ఒప్పుకుంటాను. దొంగ పాట పాడించాల్సి వచ్చేవాళ్ళు రూపాయి ధర పెట్టకూడదు. నా వైపు నుంచి ఇంకో దిద్దుబాటు: వెండి రూపాయిల్లోనూ అరుదైనవి ఉన్నాయి. 1939 రూపాయి, 1911 అయిదో జార్జి రూపాయి ఉంటే వాటిని రూపాయితో వదలొద్దు. 1939కి నకిలీలు కూడా ఉన్నాయి, అందుకే ముందు బరువు తూచి, తెలిసినవాళ్ళకు చూపించి పెట్టండి.

బురుజు వీధి, కర్నూలు:
అందరికీ దండాలు. రాత్రి పెట్టె మళ్ళీ తీశాను. అమ్మిన విక్టోరియా పోగా మిగిలిన పదమూడు వెండివాటిలో ఎనిమిది పాతవి, అయిదు 1940ల నాటి సగం వెండివి. 1939 లేదు. అన్నీ రూపాయితోనే పెడతాను. కానీ రెండు రకాలూ విడివిడిగా, బరువు రాసి.

రాగి వాటిలో ఇంకో ఏనుగు కాసు దొరికింది. దాన్ని ఈ ఆదివారం పెట్టడం లేదు. "గుత్తి, ఫైజ్ హిసార్, టిప్పు" అని పేరు రాసి, రెండు వైపులా ఫొటోలతో వారం ముందే గ్రూపులో చెప్తాను. రైల్లో ఉన్నవాళ్ళకు కూడా తెలియాలి. 900తో మొదలు. అంతకు తక్కువైతే అమ్మను, తాత పెట్టెలోనే ఉంచుతాను.

పాత అణా, కడప:
మంచిది నాయనా. అమ్మగారికి చెప్పు, చింతపండు పెట్టి తోమొద్దని. ఆ నల్లదనం ఉంటేనే విలువ. వెనక వైపు ఫొటో ఇక్కడ పెట్టు, గుత్తిదో కాదో ముందు చదివి చెప్తాను.