తాతగారి పెట్రోలు ఫెర్గూసనా, అమ్మకానికి వచ్చిన డీజిల్ మాసీ 35నా?

ప్రశ్న (రావులపాలెం దగ్గర నుంచి)

అందరికీ నమస్కారమండీ. మా తాతగారు 1950ల్లో కొన్న బూడిద రంగు ఫెర్గూసన్ ట్రాక్టరు మా పాత షెడ్డులో ఉంది. పెట్రోలు బండి. 96 నవంబరు తుపానులో షెడ్డు మీద కొబ్బరిచెట్టు పడి బండి రేకుల కింద ఉండిపోయింది. తర్వాత రేకులు తీశాం గానీ స్టార్టు చేసినవాళ్ళు లేరు. ఫ్యాను బెల్టు పట్టుకుని లాగితే ఇంజిన్ కొంచెం కదులుతోంది. పక్క ఊళ్ళో ఒకాయన మాసీ ఫెర్గూసన్ 35 (మాసీ 35) డీజిల్ ట్రాక్టరు అమ్ముతున్నారు, నడుస్తున్న బండే. నాకు మూడెకరాల వరి, ఎకరంన్నర కొబ్బరితోట. సార్వాకి దమ్ము, తోటలో దున్నకం, కాయలు రోడ్డు దాకా తోలుకోవడం, ఇవే పనులు. డబ్బు ఒకదానికే సరిపోతుంది. తాతగారి బండే బాగుచేయించి నడుపుకుందామని నా మనసు. నాన్నగారేమో పెట్రోలు తాగేస్తుంది, డీజిలే తీసుకో అంటున్నారు. కాలవలకి నీళ్ళు వదలడానికి నెలన్నరే ఉంది, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (మండపేట, ట్రాక్టరు మెకానిక్)

తమ్ముడూ, నాన్నగారు చెప్పింది నిజమే. కానీ దమ్ముకి ఆ బండి ఎందుకు సరిపోదో చెప్పాలంటే ఆయిల్ ఖర్చు ఒక్కటే చాలదు.

ముందు ఖర్చు సంగతి. ఆ చిన్న ఫెర్గూసన్ పెట్రోలు ఇంజిన్లో గాలిని నొక్కేది దాదాపు ఆరు రెట్లే. మాసీ 35లో వచ్చే మూడు సిలిండర్ల పెర్కిన్స్ కంపెనీ డీజిల్ ఇంజిన్ 17 రెట్లకు పైగా నొక్కుతుంది. నొక్కుడు ఎక్కువైతే అదే ఆయిల్‌తో పని ఎక్కువ వస్తుంది. పైగా డీజిల్లో గాలికి అడ్డం ఉండదు. లోడు తగ్గినప్పుడు ఆయిల్ తగ్గుతుంది, అంతే. పెట్రోలు బండిలో కార్బురేటర్ దగ్గర రేకు మూసుకుని గాలినీ ఆపుతుంది కాబట్టి సగం లోడులో ఇంకా నష్టం. గట్టు దగ్గర తిప్పుతూ, ఆగుతూ చేసే దమ్ములో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఒకే పనికి పెట్రోలు బండి మూడో వంతు ఎక్కువ లీటర్లు తాగినా ఆశ్చర్యం లేదు.

ఇక అసలు సంగతి గేర్లు. తాతగారి బండికి నాలుగే గేర్లు, ఒకటే క్లచ్. క్లచ్ తొక్కితే చక్రాలూ ఆగుతాయి, వెనక పనిముట్లని తిప్పే షాఫ్టు, అదే పి.టి.ఓ., ఆగుతుంది, వాటిని ఎత్తే హైడ్రాలిక్ పంపూ ఆగుతుంది. తిరిగే కత్తుల రొటావేటర్ పెట్టి మన రేగడి బాడవలో దిగావనుకో, బురద గట్టిగా తగిలిన చోట క్లచ్ తొక్కగానే కత్తులు కూడా ఆగిపోయి మట్టి పట్టేస్తుంది. ఎత్తుదామంటే లిఫ్టు కూడా లేవదు. మాసీ 35కి ఆరు గేర్లు, అందులో నెమ్మదిగా నడిచే లో గేర్లు ఉంటాయి. కొన్ని బండ్లకి డబుల్ క్లచ్ కూడా ఉంటుంది. సగం తొక్కితే చక్రాలు ఆగి పి.టి.ఓ. తిరుగుతూ ఉంటుంది. నువ్వు చూసే బండికి ఆ క్లచ్ ఉందో లేదో తొక్కి చూడు. దమ్ముకి అదే ప్రాణం.

ఇంకో మాట. మాసీ 35 డీజిల్ రెండు రకాలు. మొదట్లో వచ్చిన వాటికి స్టాండర్డ్ అనే కంపెనీ చేసిన నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఉండేది. స్టార్టింగుకి ఏడిపిస్తుందని చలి దేశాల్లో దానికి పేరు. మన ఎండలకి ఆ బాధ తక్కువేగానీ సామాను దొరకదు. 1959 చివర నుంచి పెర్కిన్స్ మూడు సిలిండర్లది వచ్చింది. బానెట్ పక్కన నిలబడి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళకి వెళ్ళే సన్నటి పైపులు లెక్కపెట్టు. మూడైతే మాట్లాడు, నాలుగైతే నమస్కారం పెట్టి వచ్చేయ్. చెన్నైలో టాఫే కంపెనీ 1960ల నుంచి మాసీ బండ్లు చేస్తోంది కదా, ఆ మూడు సిలిండర్ల తీరు మన వైపు ప్రతి మెకానిక్ చేతికీ అలవాటే. కాకపోతే సామాను కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్ళి పోల్చుకునే కొను.

తాతగారి బండిని మాత్రం తుక్కుకి ఇవ్వకు. డ్యాష్‌బోర్డు మీద నంబరు రేకు ఉంటుంది, తుడిచి మొదటి మూడు అక్షరాలు రాయి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. రేకు మీద టీ, ఈ, డీ అని ఉంది. ట్యాంకుకి రెండు మూతలున్నాయి, చిన్నదొకటి, పెద్దదొకటి. రెండోది ఎందుకో నాన్నగారికి కూడా గుర్తు లేదు.

జవాబు (మండపేట)

అయితే అది ఉత్త పెట్రోలు బండి కాదు తమ్ముడూ, కిరసనాయిలు బండి! టీఈఏ అని ఉంటే పెట్రోలు, టీఈడీ అంటే కిరసనాయిలు లాంటి ట్రాక్టరు ఆయిల్‌ది, టీఈఎఫ్ అయితే డీజిల్. చిన్న అరలో పెట్రోలు పోసి స్టార్టు చేసి, ఇంజిన్ బాగా వేడెక్కాక పెద్ద అరకి తిప్పేవారు. చల్లగా ఉండగా తిప్పితే కిరసనాయిలు ఆవిరి కాక పిస్టన్ రింగుల పక్కనుంచి ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి జారి ఇంజిన్ ఆయిల్‌ని పలచన చేస్తుంది. ఈ ఇంజిన్ నొక్కుడు పెట్రోలు దానికన్నా ఇంకా తక్కువ. ఇప్పుడు పెట్రోలు మీదే నడుపుకోవచ్చు, తోటలో తేలిక పనికి ఇబ్బంది లేదు. బలం మాత్రం ఆశించకు.

జవాబు (లంక గ్రామం నుంచి)

అన్నయ్యగారు చెప్పినదానికి వరద మాట ఒకటి చేరుస్తాను. మాది లంక. ఆగస్టులో గోదారి పెరిగితే షెడ్డులోకి నీళ్ళు వస్తాయి. ఒకసారి మా డీజిల్ బండి ఎయిర్ క్లీనర్ దాకా మునిగింది. నీళ్ళు తీశాక ఆత్రంగా స్టార్టర్ కొట్టాం. ఠక్కుమని ఒక్క చప్పుడు, అంతే, ఆగిపోయింది. లోపల నీళ్ళున్నాయి. గాలి నొక్కుకుపోతుంది గానీ నీళ్ళు నొక్కుకుపోవు కదా, పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్డు వంగింది. మునిగిన బండికి నాజిళ్ళు విప్పకుండా ఇంజిన్ తిప్పకండి. పెట్రోలు బండిలోనూ ఈ ప్రమాదం ఉంటుంది, కానీ డీజిల్లో పిస్టన్ పైన ఖాళీ చాలా తక్కువ కాబట్టి కొంచెం నీళ్ళకే రాడ్డు పోతుంది. చెమ్మకి మాత్రం పెట్రోలు బండే ముందు మొండికేస్తుంది. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత లోపల పొద్దున్నే పొగమంచు పట్టినట్టు చెమట ఉంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు, అందుకుంటుంది.

జవాబు (మండపేట)

ఈయన చెప్పింది అక్షరాలా నిజం. డీజిల్ బండికి ఇంకో జాగ్రత్త, డీజిల్లో నీళ్ళు. తెరిచిన డబ్బాలో పెట్టి పోస్తే పంపూ నాజిళ్ళూ పోతాయి. డీజిల్ అయిపోయి బండి ఆగితే పైపుల్లో చేరిన గాలి తీయాలి. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టి, బుడగలు ఆగేదాకా చూసి బిగించాలి. తర్వాత పెద్ద పంపు స్క్రూ, ఆఖరున నాజిల్ నట్లు. నేర్చుకుంటే పది నిమిషాల పని.

తాతగారి బండిని లేపేటప్పుడు తొందరపడొద్దు. నాలుగు ప్లగ్గులూ విప్పి ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల పలచని ఆయిల్ పోసి ఒక రాత్రి ఉంచు. రెండో రోజు ప్లగ్గులు లేకుండానే హ్యాండిల్‌తో తిప్పు. సంపు ఆయిల్ దించి రంగు చూడు. పాలలా ఉంటే నీళ్ళు కలిశాయి. ట్యాంకు, కార్బురేటర్ కడుగు, డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు సన్నటి ఉప్పుకాగితంతో రుద్దు. ప్లగ్గు వైర్లు పెట్టే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. దీనికి స్టార్టర్ స్విచ్చి గేరు రాడ్డులోనే ఉంది, రాడ్డుని ఎస్ గుర్తు వైపు నెడితేనే తిరుగుతుంది. అది తెలియక స్టార్టర్ పోయిందనుకుని విప్పేసిన వాళ్ళున్నారు. హ్యాండిల్ కొట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, చుట్టూ పట్టకు. ఇంజిన్ వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది.

ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి, అవి మార్చు. పని అయ్యాక నెలల తరబడి పెట్రోలు ట్యాంకులో వదలకు. గడ్డిమేటు పక్కన స్టార్టు చేయకు.

మాసీ చూడటానికి చెప్పకుండా వెళ్ళు. వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి వేసి చల్లగా ఉందో లేదో చూడు. వేడిగా ఉంటే ముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. నడుస్తుండగా ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీసి చూడు, పొగ గుప్పుగుప్పుమని తన్నితే రింగులు అరిగాయి. గొర్రు ఎత్తి ఇంజిన్ ఆపు, వెంటనే దిగిపోతే హైడ్రాలిక్ కారుతోంది. తాళం తీసినంత మాత్రాన డీజిల్ ఆగదు, ఆపే తీగ వేరే ఉంటుంది. అది పనిచేస్తోందో లేదో ముందే చూసుకో.

ప్రశ్న అడిగినవారు

ఈ పొద్దున వెళ్ళొచ్చానండీ. పైపులు మూడే. ఇంజిన్ చల్లగా ఉంది, రెండో కొట్టుకి అందుకుంది. మూత దగ్గర సన్నగా పొగ, తన్నడం లేదు. క్లచ్ సగం తొక్కితే పి.టి.ఓ. తిరుగుతూనే ఉంది. గొర్రు ఎత్తి ఆపితే టీ తాగి వచ్చేసరికి జానెడు దిగింది. అదొక్కటీ చూపించి ధర తగ్గించమని అడిగాను, రేపు చెబుతానన్నారు. తాతగారి బండి హ్యాండిల్ ధాన్యం గదిలో దొరికింది. సాయంత్రం నాన్నగారే వచ్చి ప్లగ్గులు విప్పారు.