దోస్తులు అడగ్గానే మ్యాజిక్ చేసి చూపించాలా, వద్దా?

కాజీపేట కనికట్టు:
పదేళ్ళుగా బర్త్‌డేలకి, స్కూళ్ళలో, అప్పుడప్పుడు రిసెప్షన్లలో మ్యాజిక్ చేస్తున్నాను. ఇకమీదట దోస్తుల ముందు మాత్రం అప్పటికప్పుడు ఏదీ చేయొద్దని అనుకుంటున్నాను. మొన్న హన్మకొండ చౌరస్తా దగ్గర ఐదుగురం చాయ్ తాగుతుంటే ఒకడు "ఏదన్నా ఒకటి చూపెట్టురా" అన్నాడు. పది రూపాయల బిళ్ళ తీశాను. ఎడమ చేతిలో పెట్టినట్టే పెట్టి, కుడి అరచేతిలో బొటనవేలి కింది కండకీ చిటికెన వేలి వైపు కండకీ మధ్య నొక్కిపట్టాను. ఎడమ చెయ్యి ఇంకా తెరవనే లేదు, పక్కనున్నవాడు నా కుడి మణికట్టు పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. బిళ్ళ సాసర్‌లో పడి ఠంగుమంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ అదే బిళ్ళతో ఆదివారం ఒక బర్త్‌డేలో చేయాలి, ఆ పిల్లల్లో వాడి కొడుకు కూడా ఉంటాడు. బయటివాళ్ళు బిళ్ళని చూస్తారు, దోస్తులు మనల్ని చూస్తారు. ఎక్కడ తడబడతామా అని. మీరేమంటారు?

చూసే బాపతు:
అన్నా, నాకు మ్యాజిక్ రాదు, చూడటమే వచ్చు. మా బ్యాచ్‌లో ఒకడు చేస్తాడు, మేమూ ఇట్లాగే సతాయిస్తాం. అడిగేది ప్రేమతోనే అన్నా. పాడేవాడిని ఒక పాట పాడమంటాం, వాడు పాడతాడు, అయిపోయింది. మీకే ఎందుకింత బెట్టు?

కాజీపేట కనికట్టు:
పాడేవాడి గొంతులో ఎవరూ చెయ్యి పెట్టి చూడరు తమ్మీ.

చూసే బాపతు:
సరే, ఆ మాట ఒప్పుకుంటున్నా. 😄 కానీ పట్టుకున్నవాడిని చూసి మా అందరినీ దొంగల్లాగా లెక్కేయొద్దు.

జమ్మికుంట పిల్లోడు:
నేను మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. దోస్తులకి చూపించొద్దంటే మరి ఎవరికి చూపించాలి అన్నా? నాకు ప్రోగ్రాములు ఎవరిస్తారు? అద్దం ముందు నెలల తరబడి పత్తాలు (పేకముక్కలు) పట్టుకుని కూర్చున్నాను, అంతా బాగానే కనిపించింది. మా రూమ్మేట్ ఒక్కసారి చూసి "పత్తా మార్చేటప్పుడు కళ్ళు మూస్తున్నవ్ రా, ఊపిరి కూడా బిగబడుతున్నవ్" అన్నాడు. అసలు విషయం ఏంటంటే సరిగ్గా ఆ క్షణంలో నేను రెప్ప వేస్తున్నాను, కాబట్టి అద్దంలో నా తప్పు నాకెప్పటికీ కనపడదు. తర్వాత ఫోన్‌లో వీడియో తీసుకుంటే తెలిసింది. ఫోన్ కూడా రెప్ప వేస్తున్నానని చూపిస్తుంది గానీ, మధ్యలో "అదేంది, ఇటు చూపెట్టు" అని అడగదు కదా.

పాత పత్తాల కట్ట:
ఇద్దరూ సగం సగం చెప్తున్నారు. నేను మట్టెవాడలో పిల్లగా ఉన్నప్పటి నుంచి ఈ పిచ్చిలో ఉన్నవాడిని, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి. చేసేది ముందే చెప్పకు, చేసిందే మళ్ళీ చేయకు, గుట్టు విప్పకు. ఈ మూడూ మనకి మొదటి రోజే చెప్తారు. కానీ 1922లో షికాగోలో డై వెర్నన్ అనే పత్తాల మెజీషియన్ ఏం చేశాడు? మూడుసార్లు చూస్తే ఏ ట్రిక్కునైనా పట్టేస్తానని గొప్పలు చెప్పుకునే పేరుమోసిన మెజీషియన్ హౌడినీ చేత ఒక పత్తా మీద ఇనీషియల్స్ రాయించుకుని, దాన్ని కట్టలో పైనుంచి రెండోదిగా పెట్టి, మళ్ళీ అన్నిటికన్నా పైనే చూపించాడు. హౌడినీ మళ్ళీ మళ్ళీ చేయించుకున్నాడు, పట్టుకోలేకపోయాడు. అంటే అదే ట్రిక్కు తిప్పి తిప్పి చేయొచ్చు, చేతిలో అంత సరుకుంటే. మనకి అంత లేదు, అది వేరే సంగతి.

ఇక మాక్స్ మలినీ అనే ఇంకో మెజీషియన్. డిన్నర్ బల్ల మీద టోపీ పెట్టి తీస్తే కింద పెద్ద ఐసు గడ్డ! చూసినవాళ్ళకి అప్పటికప్పుడు పుట్టినట్టే ఉండేది. సందు దొరికేదాకా ఎన్ని రోజులైనా ఆగేవాడని మ్యాజిక్ వాళ్ళలో చెప్పుకుంటారు. కాబట్టి కనికట్టు తమ్మీ, నువ్వు చేసినందుకు పట్టుబడలేదు, అడగ్గానే చేసినందుకు పట్టుబడ్డావు. అడిగిన మరుక్షణం అందరి కళ్ళూ నీ చేతుల మీదే ఉంటాయి. అడిగితే "ఇయ్యాల మూడ్ లేదు" అని చాయ్ తాగు. ఎవరూ అడగని రోజు చెయ్యి.

పరకాల సైన్స్ సార్:
మీరంతా పట్టుబడతామని భయపడుతున్నారు. నాకు పట్టుబడకపోవడమే సమస్య అయింది. దోస్తు వాళ్ళ ఊళ్ళో, వాళ్ళింట్లో సరదాకి నిమ్మకాయ కోశాను. కత్తికి ముందే మందారపూల రెక్కలు రుద్ది ఆరబెట్టుకున్నాను, ఆ రంగుకి పులుపు తగలగానే రసం ఎర్రగా కారింది. పిల్లలు కేకలు పెట్టారు, వాళ్ళ నాయనమ్మ మాత్రం నోరు మెదపలేదు. తెల్లారి పక్కింటామె వచ్చి కూర్చుంది. "బిడ్డా, మా పుస్తెలు పోయినయి, ఎవరు తీసిండ్రో జెర చెప్పు." నవ్వొచ్చే విషయం కాదిది, చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన సంఘటనలు మన జిల్లాల్లోనే విన్నాం. నేను ఒకవేళ ఏదో ఒక పేరు చెప్తే? అప్పుడే మందారం తెప్పించి, ఆమె చేతే కత్తికి రుద్దించి, ఆమె చేతే కోయించాను. జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊళ్ళలో ఇలాంటివి చేసి అక్కడే గుట్టు విప్పేది ఇందుకే. పాత పత్తాల సార్, మీ మూడో నియమం స్టేజీ మీద బాగుంటుంది. వాకిట్లో నాకు పనికిరాలేదు.

పాత పత్తాల కట్ట:
ఆ కత్తీ నిమ్మకాయా విషయంలో నోరు మూసుకుంటున్నాను సార్. పత్తాల గుట్టు మాత్రం చెప్పను.

కాజీపేట కనికట్టు:
అప్‌డేట్. నిన్న సాయంత్రం అదే చాయ్ దుకాణం, అదే ఐదుగురం. ఎవరూ అడగలేదు. చిల్లర వెతుక్కుంటున్నట్టు బిళ్ళ తీసి ఎడమ చేతిలో వేసి గుప్పిట మూశాను, కుడి చెయ్యి కొంచెం అనుమానం వచ్చేట్టు వంకరగా పట్టుకున్నాను. మా వాడు ఊరుకుంటాడా, ఎగిరి కుడి మణికట్టు పట్టుకుని మళ్ళీ ఒక్కొక్క వేలూ విప్పాడు. ఖాళీ. చొక్కా చేతిలో వెతికాడు, అక్కడా లేదు. ఈసారి బిళ్ళని నిజంగానే ఎడమ చేతిలో పెట్టాను, అంతే. మెల్లగా గుప్పిట తెరిచి చూపించాను. మిగతా ముగ్గురూ వాడిని చూసి నవ్వుతూనే ఉన్నారు. "మళ్ళొక్కసారి చెయ్యిరా" అన్నాడు. మూడ్ లేదన్నాను. లేచి అదే బిళ్ళ కౌంటర్ మీద పెడితే దుకాణమాయన వెనక్కి నెట్టాడు. "పది బిళ్ళలు ఎవరూ తీసుకుంటలేరన్నా, స్కాన్ చెయ్."