నాన్నకి స్టెంట్ వెయ్యాలంట, నానో కోటింగ్ గురించి తెలిసినోళ్ళు చెప్పండి

మాది పర్లాకిమిడి. నాన్నకి 61, విశాఖలో యాంజియో (గుండె రక్తనాళాల పరీక్ష) చేయిస్తే ఒక రక్తనాళం బాగా మూసుకుపోయింది, స్టెంట్ (నాళం తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వెయ్యాలన్నారు, సరే అన్నాం, ఇంటికొచ్చాక మా బావ నానో పార్టికల్స్‌తో మందు పూసినవి ఉంటాయంట అవే అడగండి అని పట్టుకున్నాడు (ఆయనది ఎరువుల షాపు, అయినా అన్నీ తెలుసు). నాకర్థమైంది ఏంటంటే మామూలు మందు స్టెంట్‌లో సిరోలిమస్ లాంటి మందుని ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌లో కలిపి పూస్తారు, లోపల కండ పెరిగి మళ్ళీ మూసుకుపోకుండా, కానీ మందు అయిపోయాక కూడా కొన్నింట్లో ఆ పాలిమర్ అక్కడే ఉండిపోయి వాపు తెస్తే రక్తనాళం గోడ తొందరగా మానదు, రక్తం గడ్డకట్టే రిస్క్. నానో అయితే మందు అతి చిన్న కణాలుగా గోడలోకి దిగుతుంది, పాలిమర్ లేకుండా కూడా చెయ్యొచ్చంట.

ఇది నిజంగా హాస్పిటల్లో వేస్తున్నారా లేక ఇంకా రీసెర్చేనా? మీ ఇంట్లో ఎవరికైనా వేశారా? రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు రెండూ కలిపి వాడే నెలలు తగ్గుతాయా, నాన్నకి పాత అల్సర్ ఉంది, వాటికి రక్తస్రావం అవుతుందేమో, నా అసలు భయం అదే. 2017లో స్టెంట్ల రేటుకి సీలింగ్ పెట్టారు కదా, వీటికీ వర్తిస్తుందా?

సోమవారం గుణుపూర్ బండికి మళ్ళీ విశాఖ వెళ్తున్నాం అన్నా, డాక్టర్‌ని ఏం అడగాలో చెప్పినా చాలు. ఒడియాలో రాసినా పర్లేదు, చదువుతాను.