లూసర్న్‌లో పేనుబంక: మందు కొట్టాలా, ముందే కోయాలా?

ప్రశ్న (పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా): అర ఎకరంలో లూసర్న్ వేశాను. కోతకు ఇంకా పది రోజులుంది. మబ్బు పట్టినప్పటి నుంచి చిగుళ్లు ముడుచుకుంటున్నాయి, ఆకులు చేతికి జిగురుగా తగులుతున్నాయి. దుకాణంలో వెంటనే మందు కొట్టమంటున్నారు. పాడి గేదెలకు ఇదే పచ్చిమేత. ఏం చేయమంటారు?

జవాబు: తొందరపడి మందు కొట్టకండి. ఆ జిగురు పేనుబంక (మొక్క రసం పీల్చే చిన్న పురుగు) విడిచినదే, కానీ జిగురు చూసి మందు నిర్ణయించకూడదు, పురుగును లెక్కపెట్టాలి. గట్టు వెంబడి కాకుండా మడి లోపల నాలుగు చోట్ల, చోటుకు ఐదారు కాడలు తీసుకుని తెల్లటి పళ్లెంలోకి గట్టిగా దులపండి. రాలిన పురుగులన్నీ లెక్కించి కాడల సంఖ్యతో భాగించండి.

పొడవాటి కాళ్లతో ఆకుపచ్చగా ఉంటే అది బఠాణీ పేనుబంక. దీనికి అమెరికాలోని కాలిఫోర్నియాలో పాటించే లెక్క ఇది: పైరు 10 అంగుళాల లోపు ఉంటే కాడకు 40-50, 20 అంగుళాల వరకు 70-80, ఆపైన 100 దాటితేనే మందు ఆలోచన. మన నేలకు ఇది యథాతథంగా సరిపోవాలని లేదు, అంచనాకు మాత్రం పనికొస్తుంది. లేత పసుపు ఒంటి మీద నల్ల చుక్కలుండి, కింది ఆకుల అడుగున చేరితే మాత్రం ఉపేక్షించకండి. ఆ రకం లాలాజలంలోనే విషం ఉంటుంది, తక్కువ సంఖ్యలోనే మొక్కను పాడుచేస్తుంది.

మళ్లీ ప్రశ్న: దులిపాను. అన్నీ పచ్చవే, కాడకు సుమారు అరవై. పైరు మోకాలెత్తు ఉంది. వాటితోపాటు నల్లగా, నారింజ మచ్చలతో, మొసలి ఆకారంలో చిన్న పురుగులు చురుగ్గా తిరుగుతున్నాయి. అవీ ఆకు తింటాయా?

జవాబు: వాటిని చంపకండి, దయచేసి! అవి అక్షింతల పురుగు పిల్లలు, పేనుబంకను తినేవి. మందు కొడితే ముందు పోయేవి అవే.

కాడకు అరవై అంటే పై లెక్కకు లోపే, మందు అవసరం లేదు. పైరు అంత ఎత్తుంది కాబట్టి నాలుగైదు రోజులు ముందుగానే కోసి మేపేయండి. ప్రతి కోతా ఇలా ముందుకు జరిపితే వేళ్లు నీరసిస్తాయి, ఒకసారికి నష్టం లేదు. అసలు జాగ్రత్త ఆ తర్వాత కావాలి: పిలకలు పొట్టిగా ఉన్నప్పుడు కొద్ది పురుగులైనా ఎక్కువ హాని చేస్తాయి. కోసిన వారం నుంచి మూడు నాలుగు రోజులకోసారి దులిపి చూడండి. అప్పటికీ పెరుగుతుంటే కొన్ని కాడలు కవరులో వేసి రైతు సేవా కేంద్రంలో చూపించండి. ఏ మందు వాడినా, కొట్టాక ఎన్నాళ్లకు మేపవచ్చో డబ్బా మీద చదివాకే మూత తీయండి.