105 ఏళ్లు నీళ్లలో చెడని ఓడ ఒడ్డుకు తెచ్చాక ఎందుకు కుళ్లింది?

గోదారిగట్టు: అమెరికాలో ఆల్విన్ క్లార్క్ అనే సరుకుల స్కూనర్ గురించి చదివాను. 1846లో కట్టిన తెరచాప ఓడ. 1864 జూన్‌లో మిషిగన్ సరస్సు పక్కనున్న గ్రీన్ బేలో పెద్ద ఈదురుగాలికి మునిగింది, ఐదుగురిలో కెప్టెన్‌తో సహా ముగ్గురు పోయారు. 1967లో వల చిక్కుకుంటే విడిపించడానికి దిగిన డైవర్‌కి దొరికింది. 1969లో పైకి తీసి నీళ్లు తోడేస్తే మళ్లీ తేలిందట! కానీ 1994లో బుల్డోజర్‌తో కూల్చేశారు. ఇదేం విడ్డూరం? అసలు అనుభవమున్న కెప్టెన్ గాలి సంగతి చూసుకోడా?

చుక్కాని: గాలి విషయం చెప్తా. ఓడ ఖాళీగా వెళ్తోంది. అంటే అడుగున సరుకు బరువు లేదు, పైన తెరచాపలు మాత్రం ఉన్నాయి. పైగా సరుకు దించే మూతలు తీసి ఉంచారు. ఒక్క ఊపుకి పక్కకు ఒరిగితే చాలు, ఆ కంతల్లోంచి నీళ్లు బుడబుడా లోపలికి పోతాయి, ఇక తేరుకునే టైమ్ ఎక్కడిది?

పాతకలప: అది ఉన్నది 110 అడుగుల లోతులో, చల్లటి మంచినీళ్లలో. ఓడ కర్రను తొలిచేసే పురుగు (పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్పల జాతి) ఉప్పునీళ్లలోనే బతుకుతుంది, మన కాకినాడ సముద్రంలో పడుంటే ఏనాడో జల్లెడైపోయేది. అయినా అన్నేళ్లు నానిన కర్రలో బలం పోతుంది, నీరే దాన్ని నిలబెడుతుంది. ఎండితే ముడుచుకుని పగుళ్లిస్తుంది, ఆపైన బూజు, కుళ్లు. స్వీడన్‌వాళ్లు 1961లో వాసా ఓడను తీశాక పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనాన్ని 17 ఏళ్లు చల్లుతూనే ఉన్నారు, అది ప్రభుత్వం వెనకుంటే అయ్యే పని. క్లార్క్‌ని తీసిన డైవర్ సొంత డబ్బు పెట్టి జనానికి చూపించాడు, మందు పట్టించే స్తోమత లేదు. ఆయన్ని తిట్టాలనిపించదు నాకు.

గోదారిగట్టు: అయితే తీయకుండా వదిలేయాల్సింది అంటారా?

చుక్కాని: నా ఓటు దానికే. 1868లో కట్టి 1912 నవంబర్ తుపానులో మునిగిన రౌస్ సిమన్స్ ఇప్పటికీ మిషిగన్ సరస్సు అడుగునే ఉంది, షికాగోకి తీసుకెళ్తున్న క్రిస్మస్ చెట్లు కూడా లోపలే ఉన్నాయి. 2021 నుంచి ఆ ప్రాంతమంతా రక్షిత ప్రాంతం.

పాతకలప: వదిలేస్తే భద్రం అని కూడా అనలేం చుక్కాని గారూ. బయటినుంచి వచ్చిన క్వాగా ఆల్చిప్పలు ఇప్పుడు ఆ సరస్సులో ఓడలకి అంగుళాల మందాన అంటుకుపోతున్నాయి, గీకితే కర్రా ఊడొస్తుంది. అందుకే పైకి లాగే ఖర్చుకన్నా ముందు కింద ఉన్నదున్నట్టు కొలతలు, ఫొటోలు తీసిపెట్టుకోవడం మంచిదంటాను.