ఈ వారం సమస్య: పులిని మ్రింగెను జెట్టెక్కి పొట్టిపిల్లి

నిర్వాహకుడు:
వేపచెట్టెక్కి దిగలేక తెల్లవార్లూ అరిచిన ఒక పిల్లి మీద కక్షతో ఇచ్చిన పాదం ఇది. దీన్నే చివరి పాదంగా ఉంచి, అర్థం కుదిరేలా పైన మూడు పాదాలు రాయడమే పూరణ. ఆదివారం సాయంత్రం దాకా గడువు. కలలో మింగిందనీ, సినిమాలో మింగిందనీ పంపేవాళ్ళు దయచేసి పంపకండి. పోయినసారి వాటితోనే పేజీ నిండిపోయింది.

గోదారిగట్టు:

విద్య లన్నియు నేర్పి తా వెనుక దాఁచెఁ
జెట్టు నెక్కుట మాత్రము జిత్తుతోడ
వేఁట యెలుకను గఱచుక వెక్కిరించి
పులిని, మ్రింగెను జెట్టెక్కి పొట్టిపిల్లి

పులికి అన్నీ నేర్పిన పిల్లి చెట్టెక్కడం ఒక్కటి నేర్పలేదన్న కథ చిన్నప్పుడు అందరం విన్నదే. ‘పులిని’ పక్కన కామా చూడండి. మింగింది ఎలుకని, వెక్కిరించింది పులిని.

అరసున్న:
గోదారిగట్టు గారూ, అన్వయం బాగా తిప్పారు, ధార ఎప్పటిలాగే గోదారి. చిన్న సందేహం. నోట్లో ఎలుకని కరుచుకున్న పిల్లి వెక్కిరించడం ఎలాగండీ? నోరు తెరిస్తే ఎలుక కింద పులి ముందు పడుతుంది. అప్పుడు పూరణ పులిదవుతుంది.

గోదారిగట్టు:
పిల్లి తోకతో వెక్కిరిస్తుంది సార్. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళని అడగండి. అయినా లారీకి ‘చీమ’ అని పేరు పెట్టి దాని మీద ఏనుగుని ఎక్కించినవారు నా ఎలుక గురించి అడగడం ముచ్చటగా ఉంది.

అరసున్న:
ఆ పూరణకి మొదటి బహుమతి వచ్చింది.

గోదారిగట్టు:
ఆ వారం వచ్చినవి రెండే పూరణలు. రెండోది కలలో మోసింది.

నిర్వాహకుడు:
కొత్తగా చేరినవాళ్ళ కోసం: ఆ పాత సమస్య ‘ఏనుఁగును మోసెఁ జీమ తా నేటి దాఁక’. దాని మీద గొడవ అప్పుడే ముగిసింది. పిల్లి దగ్గరికి రండి.

అడవిదారి:
అటవీ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, పద్యం రాయను, చదువుతాను. కథ సంగతి అలా ఉంచితే, పులి చెట్టు ఎక్కలేదన్నది నిజం కాదు. పిల్లలుగా ఉన్నప్పుడు బాగానే ఎక్కుతాయి. రెండు వందల కిలోలు దాటిన మగపులికి ఆ బరువుతో కొమ్మ మీద పనేముంటుంది? ఎక్కడం అరుదు, అంతే.

పిల్లి తప్పు ఎక్కడంలో లేదు, దిగడంలో ఉంది. గోళ్ళు కొక్కేల్లా వెనక్కి వంగి ఉంటాయి. పైకి పాకేటప్పుడు బెరడులో దిగి బరువు మోస్తాయి. అదే తల కిందికి పెట్టి దిగబోతే ఆ వంపు ఎందుకూ పనికిరాదు, జారుతుంది. వెనక్కి వెనక్కి, తోక ముందుగా దిగాలి. ఆ సంగతి తెలియని పిల్లే రాత్రంతా అరుస్తుంది. దక్షిణ అమెరికా అడవుల్లో మార్గే అని ఒక అడవిపిల్లి ఉంది, వెనక కాళ్ళ మడమలు దాదాపు వెనక్కి తిప్పేసి ఉడతలాగా తలకిందులుగా దిగుతుంది. మన దేశంలో ఆ విద్య మబ్బుమచ్చల చిరుతది, అదే క్లౌడెడ్ లెపర్డ్. మేఘాలయ రాష్ట్ర జంతువు.

పొట్టిపిల్లి అంటే నాకు మాత్రం నల్లమలలో తిరిగే రస్టీ స్పాటెడ్ క్యాటే గుర్తొస్తుంది. పెద్దదైనా కిలో, కిలోన్నర. ఇంటిపిల్లి దాని పక్కన పహిల్వాను.

కొత్తపలక:

చిఱుత లేడిని మోసుకొని చెట్టుఁ జేరెఁ
గ్రింద నొక పులి యాఁకటఁ గేకవెట్టెఁ
జూచి యది టీవి లోపలఁ జూపుతోనె
పులిని మ్రింగెను జెట్టెక్కి పొట్టిపిల్లి

మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే పెద్దలు చెప్పగలరు.

అరసున్న:
చెప్పగలరు. మొదటి పాదంలో ‘మోసుకొని’ దగ్గర ఒక లఘువు, అంటే పొట్టి అక్షరం, ఎక్కువ. ‘మోసుక’ అంటే సరి. చూపుతో మింగించడం మాత్రం హాయిగా ఉంది. మొదటిసారే ఇలా రాస్తే కొందరు పదేళ్ళుగా ఏం చేస్తున్నారో!

గోదారిగట్టు:
కొందరు లారీలు తోలుతున్నారు.

హ్యూస్టన్ కోడలు:
టీవీ ఇంట్లో, పిల్లి చెట్టు మీద. ఎలా చూసింది?

కొత్తపలక:
జామచెట్టు కిటికీ పక్కనే ఉందండీ. పద్యంలో కిటికీకి చోటు దొరకలేదు.

హ్యూస్టన్ కోడలు:
సరే, నాది.

అరుగు మీఁదను బులిమేక లాడు వేళ
రొయ్య మీసముఁ గని పులి రూప మనుచుఁ
బిల్ల లుంచిరి గడిలోనఁ బిలువకుండ
పులిని మ్రింగెను జెట్టెక్కి పొట్టిపిల్లి

పులిమేక ఆటకి మూడు పులులు, పదిహేను మేకలు కావాలి కదా. మేకలకి చింతపిక్కలు సరిపోయాయి. మూడో పులికి రాయి దొరక్క ఎండురొయ్యని పెట్టారు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో అరుగు మీద పులిజూదం గీతలు గచ్చులోనే చెక్కి ఉండేవి, కాబట్టి ఆట నిజం. రొయ్య కల్పితం.

గోదారిగట్టు:
అద్భుతం! రొయ్యకు లేదా బారెడు మీసం అన్న మాట ఇన్నాళ్ళకి ఒక పులికి పనికొచ్చింది. ఎండురొయ్య వాసన తగిలాక పిల్లి ఆగుతుందా? ఎత్తుకుని చెట్టెక్కడం కూడా సహజం, కింద ఉంటే పిల్లలు లాక్కుంటారు. సమస్యలో ఒక్క మాట వృథా పోలేదు.

అరసున్న:
అందరూ చప్పట్లు కొట్టాక ఒక మాట. ‘పిలువకుండన్’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ దాగి ఉన్న మాట. దాని తర్వాత ‘పులిని’ ఉండదు, ‘బులిని’ అవుతుంది. సమస్యే మారిపోయింది.

హ్యూస్టన్ కోడలు:
అయ్యో, పాదం విరిగిన చోట కూడానా?

అరసున్న:
పాదం విరిగినా సంధి విరగదమ్మా. మీరే రెండో పాదం చివర ‘అనుచుఁ’ అని, మూడో పాదం ‘బిల్ల’ అని మొదలుపెట్టారు. అక్కడ గుర్తున్నది ఇక్కడ ఎందుకు గుర్తులేదు?

నిర్వాహకుడు:
‘గడిలోనఁ బిలిచి రనియొ’ అంటే సరిపోతుంది. తనని ఆటకి పిలిచారనుకుందేమో పాపం.

హ్యూస్టన్ కోడలు:
నా పాదం కన్నా ఇదే బాగుంది! మార్చేశాను. అరసున్న గారికి ధన్యవాదాలు, కొంచెం కోపంతో.

అరసున్న:
ఇక నాది.

పసిఁడి కన్నులఁ జూచుచుఁ బైకి నెగసి
కదలి కదలక కొమ్మపైఁ గాచుచున్న
యెనిమిది కనుల వేఁటాడు నెలమి నీగ-
పులిని మ్రింగెను జెట్టెక్కి పొట్టిపిల్లి

ఈగపులి అంటే గోడల మీద, ఆకుల మీద దూకే చిన్న సాలీడు. కల లేదు, కామా లేదు, టీవీ లేదు. పిల్లి నిజంగానే పులిని మింగింది.

అడవిదారి:
దాన్ని మీరు చూసి రాశారు! వేటకి వల అల్లదు. ఎనిమిది కళ్ళలో ముందున్న రెండూ పెద్దవి, వాటితో గురి చూసుకుని అచ్చం పిల్లిలాగే మాటు వేసి దూకుతుంది. వేటగాణ్ణి వేటగాడు మింగాడన్నమాట.

కొత్తపలక:
ఇది చదివాక నా టీవీ కట్టేశాను సార్.

గోదారిగట్టు:
ఒప్పుకుంటున్నాను, విరుపు బ్రహ్మాండం. నేను రెండు రోజులు ‘పులి’కి ముందు ఏం తగిలించాలా అని చూసి వదిలేశాను. కానీ ఆ ‘ఎలమి’ ఎందుకండీ? సాలీడు సంతోషంగా వేటాడుతోందని మీకు ఎవరు చెప్పారు? పాదం మొదటి అక్షరంతో జత కుదరాలన్న యతి చెప్పిందా?

అరసున్న:
తోకతో చెప్పింది.

గోదారిగట్టు:
సాలీడుకి తోక లేదు.

నిర్వాహకుడు:
ఇద్దరికీ చెరో నమస్కారం. ‘ఎలమి’ బదులు ఇ, ఎలతో మొదలయ్యే మూడు లఘువుల మాట ఎవరికైనా తడితే ఇక్కడే పెట్టండి. అరసున్న గారు ఒప్పుకుంటే సంకలనంలో మారుస్తాను.

అరసున్న:
ఒప్పుకోను.